చేప ఎందుకు ఎండలేదు?

ఏడుగురు రాజకొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చిన కథ వినకుండా పెరిగిన తెలుగువాళ్ళు తక్కువ. ఎండబెట్టిన ఏడింట్లో ఒకటి ఎండదు. ఎందుకని అడిగితే గడ్డిమోపు అడ్డమొచ్చిందంటుంది చేప. మోపు ఆవు మీద, ఆవు కాపరి మీద, కాపరి అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లాడి మీద, పిల్లాడు చీమ మీద నెపం వేస్తారు. చీమ మాత్రం ఎవరి మీదా వెయ్యదు. పుట్టలో వేలు పెట్టాడు, కుట్టాను అంటుంది. ఊరునిబట్టి ఒకటో రెండో పాత్రలు మారతాయి, అంతే.

ఇప్పుడు మీరొక పని చెయ్యండి. ఈ కథనే జరిగిన వరసలో చెప్పి చూడండి. ఒక పిల్లాడు చీమలపుట్టలో వేలు పెట్టాడు. చీమ కుట్టింది. వాడు ఏడ్చాడు. వాణ్ణి ఊరుకోబెట్టే హడావుడిలో అవ్వ కాపరికి అన్నం పెట్టలేదు. కడుపు కాలిన కాపరి ఆవుని మేపలేదు. ఆవు మేయని గడ్డి అక్కడే ఉండిపోయి చేపకు ఎండ తగలనివ్వలేదు. సంగతులన్నీ ఉన్నాయి, ఒక్కటీ జారిపోలేదు. అయినా ఏ పిల్లాడూ దీన్ని రెండోసారి చెప్పమని అడగడు.

తగ్గిందేమిటి? అమ్మమ్మ చెప్పినప్పుడు ఎండని చేప ముందొచ్చింది, కారణం వెనకొచ్చింది. వినేవాడికి ఒక ముల్లు గుచ్చుకుంది: మిగతా ఆరూ ఎండాయి కదా, ఇదెందుకు ఎండలేదు? ఆ ముల్లు తీసేదాకా వాడు మంచం దిగడు. మనం చెప్పిన వరసలో ముల్లే లేదు. 1920ల రష్యాలో విక్టర్ ష్క్లోవ్‌స్కీ, ఆయన తోటి విమర్శకులు ఈ రెంటికీ రెండు పేర్లు వాడారు. లోకంలో జరిగిన వరస ఫాబ్యులా, చెప్పేవాడు పేర్చుకున్న వరస స్యూజెట్. సినిమాలు కథ ఎలా చెబుతాయో వివరించడానికి 1985లో అమెరికన్ ఆచార్యుడు డేవిడ్ బోర్డ్‌వెల్ ఇవే మాటలు తీసుకున్నాడు. పేర్లు మరిచిపోయినా నష్టం లేదు. జరిగిన వరస వేరు, చెప్పే వరస వేరు అన్న సంగతి ఒక్కటి దగ్గర పెట్టుకోండి. ఇంటర్వ్యూలో, మీటింగులో, ఇంట్లో అన్నదమ్ముల మధ్య పంచాయితీలో కూడా ఇది పనికొస్తుంది.

ఫిల్మ్‌నగర్‌లో రెండు గంటల పది నిమిషాలు

నాకిది ఆలస్యంగా తెలిసింది. ముప్పై ఏళ్ళు నిండకముందు నేనూ ఫైలు చంకన పెట్టుకుని కథలు చెప్పుకుంటూ తిరిగినవాణ్ణే. మన పరిశ్రమలో కథ చదివేవాళ్ళకన్నా వినేవాళ్ళు ఎక్కువ. రాసుకున్న వంద పేజీలు ఒక ఎత్తు, ఎదురుగా కూర్చుని నోటితో ఇచ్చే నేరేషన్ ఒక ఎత్తు. ఒక నిర్మాత నాకు మధ్యాహ్నం భోజనాలయ్యాక టైమిచ్చాడు. రెండు గంటల పది నిమిషాలు చెప్పాను. ఫైట్లు నోటితోనే కొట్టాను, నేపథ్య సంగీతం కూడా నేనే వాయించాను. అంతా విని "బావుందండీ, ఫోన్ చేస్తాం" అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో కృష్ణానగర్‌లో టీ అమ్మే కుర్రాడికి కూడా తెలుసు.

తిరుగు బస్సులో ఫైలు తెరిచాను. మొదటి పేజీలోనే 'తర్వాత', 'అప్పుడు', 'ఇంతలో' కలిపి పదకొండు చోట్ల కనిపించాయి. 'అందుకని' ఒక్కచోట కూడా లేదు. హీరో ఊళ్ళోకొచ్చాడు, తర్వాత హీరోయిన్‌ని చూశాడు, ఇంతలో విలన్ దిగాడు. దేనివల్లా ఏదీ జరగలేదు. రైలు పెట్టెలన్నీ పట్టాల మీదే ఉన్నాయి, కొక్కేలే లేవు.

ఈ జబ్బుని అరిస్టాటిల్ క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే పట్టుకున్నాడు. దీని తర్వాత జరగడం వేరు, దీనివల్ల జరగడం వేరు అన్నాడు. ఘట్టాల్ని ఊరికే పక్కపక్కన పేర్చిన కథలు అన్నిట్లోకీ అధమం అని తేల్చేశాడు. ఆయన చెప్పిన ఆది, మధ్యం, అంతం అందరి నోటా వినిపిస్తాయిగానీ వాటికి ఆయనిచ్చిన అర్థం ఎవరికీ పట్టదు. దేనివల్లా రావలసిన అవసరం లేకుండా మొదలయ్యేది ఆది. ఇక దాని వెనక ఏదీ రానక్కర్లేనిది అంతం. పేజీల లెక్క ఆయన దగ్గర లేదు. ఒక ముచ్చట కూడా చెబుతాడు: ఆర్గాస్ నగరంలో మిటిస్ అనేవాణ్ణి చంపిన మనిషి, మిటిస్ విగ్రహాన్ని చూస్తూ నిలబడితే ఆ విగ్రహమే మీద పడి చచ్చాడట. గాలికి పడిందో, పునాది కుంగి పడిందో. చూసినవాళ్ళు మాత్రం "అందుకే!" అనుకుని ఉంటారు. కాకతాళీయం కూడా కారణమున్నట్టు కనిపిస్తే మనసు దాన్ని వదలదు.

దీన్నే చేతిలో పట్టే చిట్కాగా మార్చినవాళ్ళు 'సౌత్ పార్క్' కార్టూన్ సృష్టికర్తలు ట్రే పార్కర్, మాట్ స్టోన్. 2011లో న్యూయార్క్ యూనివర్సిటీ విద్యార్థులకు వాళ్ళు చెప్పింది ఇంతే: మీ కథలో రెండు ఘట్టాల మధ్య 'ఆ తర్వాత' అన్న మాట సరిపోతోందంటే పని చెడినట్టే. అక్కడ 'అందుకని' పడాలి, లేదా 'కానీ' పడాలి.

మీ మీద మీరే ప్రయోగించి చూసుకోండి. 'మీ గురించి చెప్పండి' అని ఇంటర్వ్యూలో అడుగుతారు. మన పిల్లలు సాధారణంగా చెప్పేది ఇలా ఉంటుంది: "మాది నంద్యాల దగ్గర. టెన్త్ అక్కడే. తర్వాత ఇంటర్ కర్నూల్లో. తర్వాత బీటెక్. తర్వాత అమీర్‌పేటలో కోర్సు." ఇదంతా ఎదుటివాడి బల్ల మీద బయోడేటాలో ఉంది. వాడు మొహమాటానికి వింటున్నాడు. అదే మనిషి ఇలా చెబితే? "నాన్నకి ఊళ్ళో విత్తనాల కొట్టు. ఖాతా పుస్తకంలో బాకీలు ఏ ఏడూ సరిగ్గా తేలేవి కావు. అందుకని ఇంటర్ సెలవుల్లో లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. కానీ నాన్న కంప్యూటర్ ముట్టుకోరు. అందుకని ఆయన ఫోన్లో తెలుగులో కనపడే యాప్ కావాల్సొచ్చింది. అది చెయ్యడం నాకు రాదు. అందుకే బీటెక్‌లో కంప్యూటర్స్ తీసుకున్నాను." ఇక్కడ ఆపితే ఎదుటివాడే అడుగుతాడు: "యాప్ అయిందా మరి?" ఆ ప్రశ్న మీరు అడిగించుకున్నది. జవాబు మీ దగ్గరుంది.

ఒక్క హెచ్చరిక. లేని కారణాన్ని అతికించకండి. జీవితంలో సగం సంగతులు 'తర్వాత' జరిగినవే ఉంటాయి. వాటిని అలాగే వదిలెయ్యడం నిజాయితీ. కారణం ఉన్న సంగతుల్ని ఏరుకుని చెప్పడమే మీ పని.

బల్ల కింద బాంబు

ముల్లు గుచ్చడానికి ఒకటే దారి లేదు. సంగతి దాచిపెట్టడం అందరికీ తెలిసిన దారి. దాచకుండా ముందే చెప్పెయ్యడం రెండోది. నన్నడిగితే బలమైనది ఇదే.

1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫో, ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్‌ని రోజుల తరబడి కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఆ మాటలు 1966లో పుస్తకమయ్యాయి. అందులో హిచ్‌కాక్ ఇచ్చిన ఉదాహరణ ఇప్పటికీ ప్రతి ఫిల్మ్ స్కూల్లో తిరుగుతుంది. ఇద్దరు బల్ల దగ్గర ఏదో పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, పదిహేను సెకన్లు. అదే బాంబు పెట్టడం ప్రేక్షకుడికి ముందే చూపించి, ఎన్ని గంటలకు పేలుతుందో చెప్పి, అదే పిచ్చాపాటీ వినిపించండి. పదిహేను నిమిషాలు వాడు కుర్చీ అంచున కూర్చుంటాడు. మాటలు మారలేదు, వాడికి తెలిసిందే మారింది.

హిచ్‌కాక్ త్రూఫోతో ఈ మాట అనడానికి ఐదేళ్ళ ముందే మనవాళ్ళు ఆ బాంబుతో నవ్వించారు. 1957 'మాయాబజార్'లో పెళ్ళిపీటల మీదకొచ్చిన శశిరేఖ ఘటోత్కచుడని మనకి తెలుసు. లక్ష్మణ కుమారుడికి తెలియదు. సావిత్రి వొళ్ళంతా సుకుమారంగా పెట్టుకుని ఒక్క చూపులో, ఒక్క నడకలో రాక్షసుణ్ణి చూపిస్తుంటే, రేలంగి కంగారుపడుతుంటే, హాలంతా పగలబడి నవ్వింది. కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావు ఆ రహస్యాన్ని ప్రేక్షకుడి దగ్గర దాచి చివర్లో బయటపెట్టి ఉంటే ఒక్క 'ఓహో' దక్కేది. భయానికైనా నవ్వుకైనా యంత్రం ఒకటే: వినేవాడికి తెలిసి, పాత్రకు తెలియకపోవడం.

2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' మొదటి సగమంతా ఇదే యంత్రం మీద నడుస్తుంది. రామ్ పోలీసు అధికారి అని, అతను వెతికే మనిషి భీమ్ అని, భీమ్ వచ్చింది గవర్నర్ బంగళాలో బందీగా ఉన్న పాప మల్లి కోసమని మనకు ముందే తెలుసు. తెలియంది వాళ్ళిద్దరికే. అందుకే వంతెన కింద చేతులు కలిపిన క్షణం నుంచి వాళ్ళు భుజం మీద చెయ్యేసుకున్న ప్రతిసారీ మనకు కడుపులో ఏదో తిరుగుతుంది. స్నేహగీతం కూడా సస్పెన్స్ అయిపోయింది. ఇంటర్వెల్ దగ్గర, గవర్నర్ బంగళాలో, ఆ బాంబు పేలింది. రామ్ ఎవరన్నది భీమ్‌కి తెలియడమూ, స్నేహం యుద్ధంగా తిరగబడటమూ అక్కడికక్కడే జరిగిపోతాయి. తెలియడం, తిరగబడటం ఒక్క దెబ్బకి జరిగితే అంతకు మించిన ఘట్టం లేదని అరిస్టాటిల్ 'ఈడిపస్' నాటకాన్ని చూపించి మెచ్చుకున్నాడు. రాజమౌళి బృందం ఆయన్ని చదివి చేసిందని నేననడం లేదు. పని చేసేది ఎవరి చేతిలోనైనా పని చేస్తుంది.

మీటింగులో దీన్నెలా వాడాలి? మనలో చాలామంది చెడ్డ సంగతి చివర్లో చెబుదామని దాచుకుంటారు. నలభై స్లయిడ్లు అయ్యాక "మార్చిలో డబ్బు అయిపోతుంది సార్" అంటారు. పదిహేను సెకన్ల ఉలికిపాటు, తర్వాత తిట్లు. అదే మాట మొదటి నిమిషంలో చెప్పి, మిగతా ముప్పై తొమ్మిదీ దాని నీడలో చూపించండి. ఫోన్ పక్కన పెట్టి వింటారు.

దాచిపెట్టే దారిలో ఉద్ధండుడు ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్. 1970లో వచ్చిన 'ఎస్/జెడ్' పుస్తకంలో బాల్జాక్ రాసిన ఒక్క కథని 561 ముక్కలు చేసి, కథ ఐదు రకాల దారాలతో నేసి ఉంటుందన్నాడు. అందులో ఒకటి చిక్కుప్రశ్న దారం: ప్రశ్న వెయ్యడం, అర జవాబివ్వడం, తప్పుదారి పట్టించడం, ఆలస్యం చెయ్యడం, చివరికి విప్పడం. దీనికి ఉదాహరణ తెలుగువాళ్ళకి చెప్పాలా? 2015 జూలై 10న 'బాహుబలి' మొదటి భాగం ఒక ప్రశ్నతో ఆగింది. 2017 ఏప్రిల్ 28న జవాబొచ్చింది. మధ్యలో ఇరవై ఒక్క నెలల పైన, కట్టప్ప ఎందుకు చంపాడని దేశంలో అడగనివాడు లేడు. యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళు కూడా ఈ దారాన్నే లాగుతాయి, అవతలి కొసకి ఏమీ కట్టకుండా. ముల్లు గుచ్చి తీయకుండా పారిపోయేవాణ్ణి జనం రెండోసారి గుమ్మం ఎక్కనివ్వరు.

ఆశ ఎక్కడ పెట్టారు?

స్క్రిప్టు నేర్పే క్లాసుల్లో మొదటి రోజే వినిపించే పేరు సిడ్ ఫీల్డ్. 1979లో ఆయన రాసిన 'స్క్రీన్‌ప్లే' లెక్క సులువు: నిమిషానికో పేజీ, మొత్తం నూట ఇరవై. ముప్పై పేజీలు పరిచయం, అరవై పోరాటం, ముప్పై పరిష్కారం. అంకం మారే చోట కథని కొత్తవైపు తిప్పే మలుపు. హాలీవుడ్ దీన్ని నెత్తిన పెట్టుకుంది. మనకి ఇంకో లెక్క ఉంది, దాన్ని సమోసా లెక్క అనొచ్చు. సగంలో లైట్లు వెలుగుతాయి, జనం బయటికి పోతారు, మళ్ళీ రావాలి. అందుకే మన రచయితలు 'ఇంటర్వెల్ బ్యాంగ్' కోసం నెలల తరబడి సిట్టింగులు వేస్తారు. ఇంటర్వెల్‌ని అడ్డంకిగా కాక భారతీయ సినిమా నిర్మాణంలో ఒక దూలంగా చూడాలని లలితా గోపాలన్ 2002లో 'సినిమా ఆఫ్ ఇంటరప్షన్స్' అనే పుస్తకమే రాశారు.

నాకు వీటన్నిటికన్నా భరతుడి లెక్క దగ్గరగా అనిపిస్తుంది. నాట్యశాస్త్రం కథకి ఐదు అవస్థలు చెప్పింది. తర్వాతివాళ్ళు వాడిన పేర్లలో అవి: ప్రారంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. గమనించండి, ఇవి పేజీల పేర్లు కావు, నాయకుడి మనసు ఉన్న స్థితుల పేర్లు. కావాలనుకోవడం, పూనుకోవడం, దొరుకుతుందేమో అన్న ఆశ, అడ్డు తొలగి ఇక దొరికినట్టే అన్న నిశ్చయం, దొరకడం. నడుమ ఉన్న ప్రాప్త్యాశ మీద నాకు ప్రత్యేకమైన మక్కువ. దక్కుతుందన్న ఆశా, దక్కదేమోనన్న గుబులూ కలిసి ఉండే చోటది. మల్లి ఉన్న బంగళాలోకి భీమ్ దూకినప్పుడు మనం సరిగ్గా అక్కడే ఉన్నాం. చేతికందే దూరంలో పాప, అడ్డంగా స్నేహితుడు.

మనం మన కష్టాలు చెప్పుకునేటప్పుడు ఈ మెట్టుని ఎప్పుడూ దాటేస్తాం. "చాలా కష్టపడ్డాను, చివరికి సాధించాను." ప్రయత్నం నుంచి ఫలాగమానికి ఒక్క గెంతు. వినేవాడికి మనమీద ఈర్ష్య తప్ప ఏమీ పుట్టదు. ఇంకొందరు ప్రయత్నం దగ్గరే కూలబడతారు, వాళ్ళ మాట విన్నవాడికి ఏడుపొస్తుంది. ఈ వారం మీ అనుభవం ఒకటి తీసుకుని, ఆ మధ్య మెట్టు ఎక్కడుందో వెతికి ఐదు వాక్యాలు రాయండి. రిజల్ట్స్ వెబ్‌సైట్‌లో హాల్‌టికెట్ నంబరు కొట్టి పేజీ తెరుచుకోక చూస్తూ కూర్చున్న నిమిషం. లోన్ సాంక్షన్ అయిందని మేనేజరు చెప్పి, సంతకం రేపు పెడతానన్న ఆ రాత్రి. కథంతా అక్కడే ఉంటుంది.

మీ నేపాళ మాంత్రికుడు ఎవరు?

వ్లాదిమిర్ ప్రొప్ 1928లో వంద రష్యన్ మాయకథల్ని విప్పి చూసి, ఎన్ని పేర్లు మారినా పనులు ముప్పై ఒకటే, పాత్రలు ఏడు రకాలే అన్నాడు: నాయకుడు, ప్రతినాయకుడు, దాత, సహాయకుడు, రాకుమారి ఆమె తండ్రి, పంపేవాడు, దొంగ నాయకుడు. 1951 'పాతాళభైరవి' మీద ఈ లెక్క వేస్తే అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. తోట రాముడు, అంజిగాడు, ఇందుమతి, తనంతటి సంపద తెచ్చి పిల్లనడగమన్న రాజు, కోరింది ఇచ్చే ప్రతిమ. అయితే రసమంతా లెక్క మెలిపడిన చోట ఉంది. నేపాళ మాంత్రికుడు మొదట దాత వేషంలో వస్తాడు. రాముడికి సంపద దారి చూపించింది వాడే, బలివ్వాలనుకున్నదీ వాడే. ఒకే మనిషి రెండు పాత్రలు మోయవచ్చని ప్రొప్ కూడా ఒప్పుకున్నాడు. ఎస్.వి. రంగారావు ఆ రెంటినీ ఒక్క గొంతులో పలికించాడు.

పాత ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు మనం అందరం నాయకులమే, మేనేజర్లందరూ మాంత్రికులే. ఇక్కడ ప్రొప్ పట్టిక ముందు పెట్టుకుని ఒక్క ప్రశ్న వేసుకోండి: నాకు అడ్డుపడిన ఆ మనిషే నాకిచ్చిందేమన్నా ఉందా? తిట్టి తిట్టి రిపోర్టు రాయడం నేర్పించాడేమో. ఉంటే ఆ మాట కూడా చెప్పండి. చెప్పేవాడి మీద నమ్మకం కుదిరేది అలాంటి చోటే.

జోసెఫ్ క్యాంప్‌బెల్ సంగతి క్లుప్తంగా ముగిస్తాను. 1949లో ఆయన లోకంలోని పురాణాలన్నిటికీ ఒకటే ప్రయాణం అన్నాడు. జార్జ్ లూకాస్ 1977 'స్టార్ వార్స్'కి ఆయన దగ్గర అప్పు తీసుకున్నానన్నాడు. 1980ల్లో క్రిస్టఫర్ వోగ్లర్ డిస్నీలో పనిచేస్తూ దాన్ని ఏడు పేజీల నోటుగా కుదించాడు. తర్వాత పన్నెండు మెట్లు అయ్యాయి. 2005లో బ్లేక్ స్నైడర్ పదిహేను మెట్లు వేసి ఏది ఏ పేజీలో రావాలో కూడా రాసిచ్చాడు. వ్యక్తిత్వ వికాసం సభల్లో ఇప్పుడు వక్తలందరూ ఇదే మెట్ల మీద ఎక్కుతున్నారు. బస్టాండులో పడుకున్నాను, గురువు దొరికాడు, గెలిచాను, ఇదిగో మీ ముందున్నాను. చెప్పుకి సరిపోయేలా కాలు చెక్కుకోవడం ఇది. రాసుకున్నాక, ఎక్కడో కుంటుతోందనిపించినప్పుడు చూసుకోవడానికి ఈ పటాలు మంచివి. ముందే పరుచుకుని కూర్చుంటే మీకు జరగనిది కూడా జరిగినట్టే రాస్తారు.

పైగా ఇవేవీ అన్నిచోట్లా పట్టవు. త్స్వెతాన్ తొదొరోవ్ అని ఇంకొకాయన, సమతూకంతో మొదలై, అది చెడి, చెడిందని గుర్తించి, బాగుచేయబోయి, కొత్త సమతూకానికి చేరితే కథ పూర్తయినట్టు అన్నాడు. ఆ లెక్కన మన ఏడు చేపల కథ అసలు పూర్తే కాలేదు. గడ్డిమోపు తీసినవాళ్ళు లేరు. కాపరి అన్నం తిన్నాడో లేదో తెలియదు. మా అమ్మమ్మ చీమ జవాబు చెప్పి, మా వేళ్ళు చటుక్కున గిల్లి, కథ కంచికి పంపేసేది. చేప చివరికి ఎండిందా అని మేమెవ్వరం ఎన్నడూ అడగలేదు. పిల్లాడి వేలు ఎంత వాచిందని మాత్రం మా తమ్ముడు ఒకసారి అడిగాడు.